చావనివ్వని ఆట

మా మామ లచ్చయ్యకు ఆ ఆట మీద మొదట్లో వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

అది అరచేతిలో ఇమిడే బూడిదరంగు డబ్బా. మీద అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద తెర, కింద రెండు గుండ్రటి మీటలు, ఎడమ పక్కన నాలుగు వైపులా నొక్కే మరో మీట. తెర మీద బొజ్జ ఉన్న ఒక మనిషి వీపున గింజల మూట వేసుకొని గట్లూ కొమ్మలూ గోడలూ ఎక్కుతూ పైకి పోవాలి. మామ ఊహ తెలిసినప్పటి నుంచి తాటిచెట్లు ఎక్కిన మనిషి. ఎక్కడం గురించి తనకు ఒకరు చెప్పాలా అన్నట్టు మొదలుపెట్టాడు. నాలుగడుగులు వేశాడో లేదో ఒక పక్షి వచ్చి మూటను పొడిచింది, గింజలన్నీ రాలిపోయాయి. ఇంకాస్త పైకి పోతే వీపుకు నిప్పు అంటుకుంది. ఏ మీట నొక్కినా వినకుండా, గోడకు గుద్దుకునేదాకా బొజ్జాయన ఉరుకుతూనే ఉన్నాడు. పైనుంచి రాయి పడితే రొట్టెలా చదునయ్యాడు. కాలువలో పడితే నీళ్లు మోసుకుపోయి, ఆట మొదలైన చోటనే ఒడ్డున పడేశాయి. ఇన్ని జరిగినా చావడు.

"వీనికి సావు రాదా ఏంది?" అన్నాడు మామ డబ్బాను మంచం మీద పడేసి.

"రాదట మామా. నీ కొడుకే చెప్పిండు."

"సంపితే బాధ ఒక్కసారే. ఇది ఎక్కిన కష్టమంత గుంజుకుంటది. పాడు ఆట."

ఆయన మాటలో నిజముంది. చిన్నప్పుడు సిరిసిల్ల బస్టాండు వెనక వీడియో గేముల దుకాణంలో మా అన్న ఆనందం ఆడుతుంటే పక్కన నిలబడి చూసేదాన్ని. ఆ ఆటల్లో మూడు ప్రాణాలు ఉండేవి. మూడూ పోతే తెర నల్లబడేది, దుకాణం ఆయన లెమ్మనేవాడు, అన్న ముక్కు తుడుచుకుంటూ బయటికి వచ్చేవాడు. ఓడినవాడికి ఇంటికి పోవడానికి ఒక సాకైనా దొరికేది. ఈ డబ్బాలో అదీ లేదు. తప్పు చేస్తే కిందికి తోస్తుంది, తోసి ఊరుకుంటుంది, మళ్లీ ఎక్కుతావా లేదా అని చూస్తూ కూర్చుంటుంది.

దాన్ని పంపింది మా ఆయన రాకేశ్. దుబాయ్‌లో సగం కట్టిన మేడల మీద క్రేన్లు ఎక్కడివక్కడ ఆగిపోయిన ఏడాది అది. క్యాంపులో పక్క మంచం మీద ఉండే ఫిలిప్పీన్స్ అతను ఇంటికి పోతూ పోతూ ఇచ్చాడట. దసరా తర్వాత మామ చెట్టు మీది నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్న సంగతి తెలిసి, బాపుకు పొద్దు పోతుందని మా కథలాపూర్‌కు వస్తున్న ఒకతని చేతికి ఇచ్చి పంపాడు. జగిత్యాలలో ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక చెట్టు మాట మర్చిపొమ్మన్నాడు. మామ తలూపాడు కాని, పొద్దు పొడిచే వేళకు రోజూ మంచం మీద లేచి కూర్చొని కాలువ గట్టు వైపు చూస్తూనే ఉండేవాడు. మా వాటా చెట్లు ఆ గట్టు మీదే ఉన్నాయి.

ఎండలు ముదరకముందే రాకేశ్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. కంపెనీ మూసేస్తున్నారు. ఇంటికి పోతానని పేరు ఇచ్చినవాళ్లకు టికెట్ ఇస్తారు, వానలు పడేలోగా క్యాంపు ఖాళీ చెయ్యాలి.

"మరి పేరిచ్చినవా?" అన్నాను.

"ఇచ్చి ఏం జెయ్యాలె? బాపు మంచంల పడె. ఎక్కేటోడు లేకుంటే చెట్లు సంఘానికి పోతయ్. ఉత్త చేతుల్తోని అచ్చి ఇంట్ల కూసోవాల్నా? ఇరాక్‌ల పని ఉన్నదని ఒక ఏజెంటు చెప్తుండు. అటుకెల్లి అటే పోత."

ఇరాక్‌కు పోయినవాళ్లు మా చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఫోన్ మోగితే ఎత్తడానికి భయపడతారు.

"చెట్లు ఉంటే అస్తవా?" అన్నాను.

"ఎవలెక్కుతరు?"

"ఉంటే అస్తవా, రావా?"

"ఉంటే ఎందుకు రాను. నాకేమన్న ఈడ సుఖమున్నదా."

ఆ ఒక్క మాట పట్టుకున్నాను నేను. చెట్లు నిలిస్తే మనిషి వస్తాడు.

* * *

కల్లుగీత సంఘం పెద్ద కొమురెల్లి శివరాత్రికి ముందు మా ఇంటికి వచ్చాడు. మంచి మనిషే. మామ పడ్డ రోజు ఆయనే ట్రాక్టరులో జగిత్యాలకు తీసుకుపోయాడు. అందుకే చెప్పడానికి వచ్చిన మాట చెప్పలేక, చాయ్ తాగి, ఎండల గురించి మాట్లాడి, మామ చేతిలోని డబ్బా గురించి అడిగి, చివరికి అసలు సంగతికి వచ్చాడు.

"లచ్చన్నా, శివరాత్రి దాటినంక మోకు పడని చెట్టు సంఘానిది. నీకు తెల్వంది గాదు. మండువకు కల్లు సాలుతలేదు. నీ చెట్లను పంచుదామని అంటుండ్రు."

మండువ అంటే ఊరు చేరి కల్లు తాగే చోటు. మోకు అంటే చెట్టును, మనిషి నడుమును కలిపి కట్టే తాడు. ఆ తాడే మా ఇంటి పొయ్యి. తెర మీద బొజ్జాయన కాలువలో పడి కొట్టుకుపోతున్నాడు.

"ఇంటోళ్లు ఎవలెక్కినా నడుస్తదా, కొమురెల్లి మామా?" అన్నాను నేను గడపలోంచి.

"మీ ఇంట్ల ఎవలున్నరు బిడ్డా ఎక్కెటందుకు?"

"నేనున్న."

బీడీలు చుడుతున్న మా అత్త సాయమ్మ చేటను పక్కన పెట్టింది. "దీని నోరు గిట్లనే ఉంటది, నువ్వు పట్టించుకోకు," అంది ఆయనతో. నాకు నోరెక్కువని అత్త నా పెళ్లయిన వారం నుంచీ అంటోంది. కాదని నేను ఎన్నడూ అనలేదు.

కొమురెల్లి నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. అప్పుడు మామ డబ్బా కింద పెట్టి నన్ను పిలిచాడు.

"కాలు చూపియ్ బిడ్డా."

మంచం పట్టె మీద పాదం పెట్టాను. మామ బొటనవేలితో అరికాలి వంపు నొక్కి చూశాడు, మడమ తిప్పి చూశాడు, వేళ్లు విడదీసి చూశాడు. సంతలో ఎద్దును చూసినట్టు చూశాడు. సిగ్గు వేసింది కాని కాలు తియ్యలేదు.

"కాలు మంచిగనే ఉన్నది," అన్నాడు కొమురెల్లితో.

"లచ్చన్నా, నవ్వులాట గాదు ఇది."

"నేను నవ్వుతున్ననా?"

కొమురెల్లి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే. ఎక్కుడంటే పొద్దుగాల ఒకపారి, మాపటికి ఒకపారి. ఒక్క చెట్టుకు ఒక్కపూట తప్పినా నేను జిమ్మేదారి గాదు," అని వెళ్లిపోయాడు.

అత్త ఆ రోజు నాతో మాట్లాడలేదు. ఆడవాళ్లు మోకును దాటకూడదు మా ఇళ్లలో. ముట్టు రోజుల్లో అది ఉన్న గదిలోకే పోము. అలాంటి మోకును నడుముకు కట్టుకుంటానంటే ఆమెకు భయం కాక ఏమవుతుంది. కొడుకు అక్కడ, మొగుడు మంచంలో, ఇక కోడలు కూడా పడితే? తెల్లవారి చూస్తే అత్త మోకును కడిగి, పసుపు రాసి, ఊదుబత్తి వెలిగించి కూర్చుంది. పక్కన రాకేశ్ పాత ప్యాంటు మడతపెట్టి ఉంది.

"కాటమయ్యకు చెప్పుకున్న," అంది, చెట్టెక్కేవాళ్ల దేవుణ్ణి తలుచుకుంటూ. "తప్పయితే నా మీద పడాలెనని. చీరెతోని ఎట్లెక్కుతవు, గీ పాయింటు తొడుక్కో."

ఆమె కొడుకు ప్యాంటు నడుము దగ్గర నాకు వదులు. చీర అంచు చించి బిగించి కట్టింది. నాకు ఏడుపు వచ్చింది, ఆమెకు నవ్వు వచ్చింది. ఇద్దరం ఒకరికొకరం కనబడకుండా చూసుకున్నాం.

* * *

మామను ఎడ్లబండి మీద గట్టుకు తీసుకుపోయి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లం. ఒక చేతిలో కట్టె, ఇంకో చేతిలో డబ్బా. నేను ఎక్కుతుంటే నన్ను చూసేవాడు, పడిన తర్వాత డబ్బాను చూసేవాడు. పడినవాళ్ల ముఖం చూడకూడదన్న మర్యాద ఏదో ఉంది ఆయనకు.

తాటిచెట్టు నుంచి జారితే ధబ్బున కింద పడం. మోకు పట్టుకునే ఉంటుంది. చెట్టును గీరుకుంటూ, ఛాతీ, మోచేతులు, తొడలు గీరుకుంటూ, ఎక్కినంత దూరమూ దిగుతాం. చెట్టు మీద బొచ్చులా ఉండే గరుకంతా చర్మంలో దిగుతుంది. మొదటి రోజు నా ఎత్తు కూడా ఎక్కలేదు. రెండో రోజు అంతే. అత్త పసుపూ నూనే కలిపి రాస్తూ, నేను తిట్టే తిట్లు వింటూ, తనూ రెండు కలిపేది.

"ముందు మోకు పైకి ఎగరెయ్, అది పట్టినంక కాళ్లు లేపు," అనేవాడు మామ. "రెండు ఒక్కపారి కదిపితే కిందికే. గీ బొజ్జోని లెక్కనే ఉన్నవు నువ్వు. తొందర."

"నాకు వీపు మీద మూట లేదు మామా."

"ఉన్నది. కనవడది."

ఆయన కూడా కింద కూర్చొని పడుతూనే ఉన్నాడు. డబ్బాకు సెల్లులు అయిపోతే కోరుట్లకు పోయేవాళ్లెవరైనా తెచ్చి పెట్టాలి. అత్త సణిగేది, తెచ్చేది. ఆడుతూ ఆడుతూ మామ ఒక సంగతి కనిపెట్టాడు. పక్షి ఎప్పుడు వస్తుందో, రాయి ఎక్కడ రాలుతుందో మారదు. మారేది మన తొందరే. "చెట్టు గూడ గంతే," అన్నాడు. "నిన్న ఏడ జారినవో ఇయ్యాల ఆడికి పోయినంక ఆగి, ఊపిరి తీస్కో."

శివరాత్రికి నేను చెట్టు తల ముట్టుకున్నాను. పైన మట్టల మధ్య కూర్చుంటే కోరుట్ల రోడ్డు, బస్సులు, మా ఇంటి రేకులు, అన్నీ కనబడ్డాయి. సంతోషమని చెప్పను. కాని దిగాలని అనిపించలేదు.

కొయ్యడం ఇంకో చదువు. గెల కొసను ఉల్లిపొరంత పలుచగా చెక్కాలి, కింద లొట్టి, అంటే కల్లు పట్టే కుండ, కట్టాలి. పొద్దున ఒక పొర, సాయంత్రం ఒక పొర. పొర పలుచన అయితే ధార వస్తుంది. నేను దించిన చెక్కుల్ని మామ వేళ్ల మధ్య పట్టి వెలుతురుకు చూసేవాడు. బాగుంటే ఏమీ అనడు.

కల్లు దిగడం మొదలయ్యాక మా అన్న ఆనందం సిరిసిల్ల నుంచి మోటారు సైకిల్ మీద వచ్చాడు. వాడక్కడ సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తాడు. నన్ను ప్యాంటులో చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

"బట్టలు సర్దుకో చెల్లె. బావ వచ్చేదాక మా ఇంట్ల ఉండు. వదినతోని కండెలు చుట్టుకో. ఊరంత నవ్వుతుండ్రట గద."

"మీ సాంచెలు వారంల సగం రోజులు బందే ఉంటున్నయట. నేనచ్చి ఏం చుట్టాలె, గాలినా?"

వాడికి కోపం వచ్చింది. కోపంలో మండువకు పోయి కూర్చున్నాడు. నేను దించిన లొట్టిలోంచే పోశారు. మోదుగాకు దొప్పలో తాగాడు, ఇంకోసారి పోయించుకున్నాడు. పోయేటప్పుడు బండి స్టార్ట్ చేసి, నా వైపు చూడకుండా, "కల్లు మంచిగున్నది," అన్నాడు.

* * *

ఎక్కుతున్నది నేనేనని రాకేశ్‌కు చెప్పలేదు. ఎక్కేవాళ్లు ఉన్నారని మాత్రమే చెప్పాను. తెలిస్తే రాడని నా భయం. కాని మా మండలంలో సగం మంది అక్కడే ఉన్నారు. ఎంతకాలం దాగుతుంది. ఒక సాయంత్రం నేను గట్టుకు బయల్దేరుతుంటే ఫోన్ మోగింది.

"బువ్వ తినుకుంట అడిగిండొకడు. నీ పెండ్లాం చెట్టు మీదున్నదట, నువ్వీడ మంచం మీదేం జేస్తున్నవని. క్యాంపంత నవ్విండ్రు." రాకేశ్ గొంతు అంత చిన్నగా నేను ఎప్పుడూ వినలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నవ్వనియ్."

"నీకేం, నువ్వు నవ్వనియ్యి అంటవు. నేను ఏ మొఖం పెట్టుకొని రావాలె? ఏజెంటుకు పేరిచ్చిన. ఇరాక్‌కే పోత."

"మొఖం ఎవలకు గావాలె? రెండు చేతులు తీస్కొని రా."

ఫోన్ పెట్టేశాడు. నా నోటి గురించి అత్త చెప్పింది ఆ క్షణాన నాకు నిజంగా అర్థమైంది. అతన్ని తేవడానికే కదా ఇదంతా మొదలుపెట్టింది. ఇప్పుడు దీని వల్లనే రానంటున్నాడు. ఒళ్లు మండిపోయింది. అతని మీద, నవ్వినవాళ్ల మీద, నా మీద. ఆ మంటతోనే మా చెట్లలో ఎక్కువ కల్లు ఇచ్చే, పెద్దతాడు అని పిలిచే చెట్టు ఎక్కాను. కత్తి ఎంత లోతుకు దిగుతోందో చూడలేదు. ఉన్న గెలలన్నీ కోసి, లొట్టి కట్టి దిగాను.

తెల్లవారి ఎక్కితే లొట్టి అడుగున చీమలు తప్ప ఏమీ లేవు.

మామ నిన్నటి చెక్కులు ఏరి తెమ్మన్నాడు. చెట్టు మొదట్లో వెతికి తెచ్చాను. ఒకటి పట్టుకొని చూశాడు.

"ఇది ఉల్లిపొరనా, దోసకాయ ముక్కనా?"

"చెట్టు సచ్చిందా మామా?"

"చెట్టు గంత అల్కగ సావది. అలిగింది. ఇగ నిన్ను ఎక్కిపిచ్చుకుంటది. పొద్దుగాల ఎక్కు, మాపటికి ఎక్కు. పలుచగ పొర తియ్యి. ఉత్త లొట్టి దించు, మల్ల కట్టు. ఎప్పుడిస్తదో దానిష్టం."

"ఉత్త లొట్టికి ఎందుకెక్కాలె? ఇచ్చినప్పుడే ఎక్కుత."

"ఎక్కకపోతే ఇయ్యది."

* * *

మిగతా చెట్లు ఇస్తూనే ఉన్నాయి. కాని మండువ పెద్దతాడు కిందే ఉంది. తాగడానికి వచ్చినవాళ్లంతా తలెత్తి చూస్తుండగా నేను ఎక్కాలి, లేని కల్లు కోసం పొర తియ్యాలి, ఖాళీ లొట్టి నడుముకు కట్టుకొని దిగాలి. ఖాళీ లొట్టి చెట్టుకు తగిలితే వచ్చే శబ్దం వేరు. వాళ్లందరికీ ఆ శబ్దం తెలుసు.

"ఏం తెచ్చినవ్ రాధికా, గాలా?" అనేవాడు ఒకడు.

"గాలే. దొప్ప పట్టు, పోస్త."

నవ్వేవాళ్లు. నేనూ నవ్వి ఇంటికి పోయి, కడుపు కాలి ఏడ్చేదాన్ని. కొమురెల్లి మాత్రం నవ్వేవాడు కాదు. ఒక మూలన కూర్చొని, నేను ఎక్కింది దిగింది చూసి లేచి పోయేవాడు.

ఒక సాయంత్రం గాలిదుమారం వచ్చింది. దాని వెనకే వాన. మండువలో ఒక్కరూ మిగల్లేదు. మామ ఇంట్లో ఉన్నాడు. మిగతా చెట్లన్నీ వాన కన్నా ముందే అయ్యాయి. పెద్దతాడు ఒక్కటే మిగిలింది. తడిసిన మాను నల్లగా, జారుడుగా ఉంది. ఎక్కకపోతే చూసేవాళ్లెవరూ లేరు. ఎక్కినా లొట్టిలో వాన నీళ్లే ఉంటాయి. చెట్టు కింద నిలబడి చాలాసేపు తిట్టుకున్నాను. తర్వాత వెలిసేదాకా ఆగి, మోకును బట్టతో తుడిచి, ఎక్కాను. రెండుసార్లు జారాను. మూడోసారి పైకి చేరి, పొర తీసి, వాన నీళ్లు పారబోసి, లొట్టి కట్టి దిగాను. దానికి కారణం అడిగితే ఇప్పటికీ నా దగ్గర మంచి జవాబు లేదు. మొండితనం అనుకోండి.

ఇంటికి వచ్చేసరికి మామ పిలిచాడు. "ఇటు చూడు."

ఆటలో ఒక గోడ దగ్గర ఆయన వారాల తరబడి ఇరుక్కుపోయి ఉన్నాడు. గోడ ఎక్కడానికి లేదు, దూకడానికి లేదు. దాని పక్కనే పైనుంచి రాయి రాలుతుంటుంది. దాని నుంచి తప్పుకోవడంలో మామ ఆరితేరిపోయాడు. ఆ రోజు తప్పుకోలేదు. బొజ్జాయన్ను తీసుకుపోయి సరిగ్గా రాయి కింద నిలబెట్టాడు. రాయి పడింది. మనిషి రొట్టెలా చదునయ్యాడు. ఆ చదునైన మనిషిని మామ మెల్లగా నడిపించాడు. గోడ అడుగున వెంట్రుకంత సందు ఉంది. అందులోంచి అవతలికి జారిపోయాడు.

"గిన్నొద్దులు గా రాయి కాడ పానం దాసుకున్న," అన్నాడు మామ. గెలిచినవాడిలా కాదు, కాస్త చిన్నబుచ్చుకున్నట్టు.

తడి బట్టలతోనే ఫోన్ తీసుకొని వాకిట్లోకి వచ్చాను. మామూలుగా రాకేశే చేసేవాడు. ఆ రోజు నేను చేశాను. ఎత్తాడు.

"నేనే తప్పు జేసిన," అన్నాను. "నీ మీది కోపానికి పెద్దతాడును లోతుకు కోసిన. ఎండిపోయింది. రోజు ఉత్త లొట్టి దించుతున్న. మండువల అందరు చూసుకుంట నవ్వుతుండ్రు."

అటు నుంచి ఎవరిదో టీవీ మోగుతోంది.

"రోజు ఎక్కుతున్నవా?" అన్నాడు.

"రోజు. రెండు పూటలు."

"ఉత్తదానికా?"

"ఎక్కకపోతే ఇయ్యదట."

"బాపు ఏమంటుండు?"

"బాపు ఆట ఆడుతుండు."

నవ్వాడో దగ్గాడో తెలీలేదు. రమ్మని నేను అడగలేదు, వస్తానని అతను అనలేదు. ఫోన్ అదే కట్ అయింది. మళ్లీ అతని దగ్గర్నుంచి కబురు లేదు. పోయాడేమో, ఇరాక్‌లో ఏ ఊళ్లో దిగాడో అనుకుంటూనే పొద్దునా సాయంత్రం ఎక్కాను. చెట్టు మీద ఉన్నంతసేపు మనసు చెట్టు మీదే ఉండాలి కాబట్టి బతికాను.

పెద్దతాడు ఒక పొద్దున ఇచ్చింది. ఎక్కువేం కాదు, లొట్టి అడుగు తడిసి గుక్కెడు. నేను అక్కడే, పైనే, వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాను. తియ్యగా ఉంది. దిగితే కొమురెల్లి లొట్టి అందుకొని వాసన చూశాడు. మండువలో కల్లు గీసేవాళ్లు వరుసగా లొట్లు దించుకునే చోటు ఉంది. అన్నాళ్లూ నా లొట్లు ఆ వరుస బయట, గట్టు మీద పెట్టేదాన్ని. కొమురెల్లి తన లొట్లను పక్కకు జరిపి, నాది తన చేత్తో ఆ వరుసలో పెట్టాడు. నన్ను గాలి తెచ్చావా అని అడిగేవాడు దొప్ప పట్టుకొని ముందుకు వచ్చాడు.

* * *

ఎండలు పోయే ముందు, ఒక సాయంత్రం, పెద్దతాడు మీది నుంచి చూస్తుంటే కోరుట్ల బస్సు దిగి ఒక మనిషి గట్టు మీద నడిచి వస్తున్నాడు. భుజాన ఒకే సంచి. ముఖం కనబడకముందే నడక తెలిసింది. కత్తి ఒరలో పెట్టి, ఊపిరి తీసుకొని, ఎప్పుడూ దిగినంత నెమ్మదిగానే దిగాను. దిగేసరికి రాకేశ్ మామ కుర్చీ పక్కన నేల మీద కూర్చొని ఉన్నాడు. చిక్కిపోయాడు. నా చేతులు చూశాడు, మోచేతుల మీద కాయలు చూశాడు, తర్వాత కిందికి చూశాడు.

"అది నా పాయింటు," అన్నాడు.

"వాపసియ్యాల్నా?"

మామ డబ్బాలోంచి తల ఎత్తలేదు. కాని మీటల మీద వేళ్లు కదలడం లేదు.

"ఇరాక్ ముచ్చట ఏమాయె?" అన్నాను.

"పేరున్నది. ఇంకా తీసెయ్యలే. ఏజెంటు ఇంటి నంబరు తీస్కున్నడు, ఫోన్ చేస్త అన్నడు." మండువ వైపు చూశాడు. తెలిసినవాళ్లంతా అక్కడే ఉన్నారు, ఇటే చూస్తున్నారు. లేచి చొక్కా విప్పాడు. "మోకు ఇయ్యి. మిగిలిన చెట్టు నేనెక్కుత."

దుబాయ్‌కి పోకముందు మామతో పాటు ఎక్కినవాడే. పక్క చెట్టు మొదట్లో మోకు వేసుకొని గబగబా సగం దాకా పోయాడు. ఆ సగంలో కాలు వదిలేసింది. చెట్టును గీరుకుంటూ కిందిదాకా వచ్చి, మొదట్లో కూలబడ్డాడు. ఛాతీ అంతా ఎర్రగా లేచిపోయింది. మండువలో ఎవరో నోరు తెరవబోయి ఆగారు. రాకేశ్ తల వంచుకొని మోకు ముడి విప్పుకోసాగాడు.

"నాతోని గాదు," అన్నాడు నేలతో చెప్పినట్టు. "ఈడ గాదు, ఆడ గాదు."

నాకు ఆ క్షణాన అతని మీద ఎంత ప్రేమ వచ్చిందో చెప్పలేను. పక్కన కూర్చొని మట్టి తుడిచాను.

"నేను మొదటి రోజు నా ఎత్తు గూడ ఎక్కలే," అన్నాను. "నువ్వు సగం పోయినవు."

"అబద్ధం."

"మీ అవ్వనడుగు. పసుపంత నాకే అయిపోయింది."

నా ముఖం వైపు చూశాడు. ప్యాంటు చిరుగుల్లోంచి కనబడే మచ్చలు చూశాడు. ముడి విప్పుతున్న చేతులు ఆగిపోయాయి. కాసేపటికి ముడి మళ్లీ బిగించుకున్నాడు. లేచి చెట్టును వాటేసుకున్నాడు. ఈసారి గబగబా పోలేదు.

అతను పైకి పోతుండగా మామ ఒళ్లో ఉన్న నా ఫోన్ మోగింది. నేను ఎత్తాను.

"రాకేశ్ ఇంటి నంబరేనా? ఇరాక్ పోయేటోళ్లు రేపు బయలెల్లుతుండ్రు. ఉన్నడా మనిషి?"

తలెత్తి చూశాను. ఇందాక జారిన చోటికి చేరాడు. అక్కడ ఆగి, చెట్టుకు నుదురు ఆనించి, ఊపిరి తీసుకుంటున్నాడు.

"చెట్టు మీదున్నడు," అన్నాను.

"ఎప్పుడు దిగుతడు?"

"ఇప్పుడే ఎక్కిండు," అని ఫోన్ పెట్టేశాను.